చందా అందరిదీ, కంప్యూటరెవరిది?

రైల్వే కొలువుల కోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా పాతుకుపోయిన చోటు ఖరగ్‌పూర్‌లోని ఓల్డ్ సెటిల్‌మెంట్. దేశంలో తొలి ఐఐటీ 1951లో వెలసిందీ ఈ ఊళ్లోనే. అయినా క్వార్టర్లలో పెరిగే ఎందరో పిల్లలకు ఐఐటీ కంటికి దగ్గర, సొంత కంప్యూటర్ చేతికి దూరం. విద్యార్థుల కంప్యూటర్ క్లబ్బులు ఉమ్మడి నిధిని ఖర్చుపెట్టే ముందు తలచుకోవాల్సింది అలాంటి వారినే.

ఈ పంపకాల చిక్కు పాతదే. కంప్యూటర్ సమయం మహా ఖరీదైన 1969లో, దాన్ని విద్యార్థులకు పంచేందుకు అమెరికాలోని ఎంఐటీలో విద్యార్థులే నడిపే మండలి ఏర్పడింది. తర్వాత యంత్రాలు చౌకయ్యాయి. 2012లో వచ్చినప్పుడు రాస్ప్‌బెరీ పై బోర్డు ధర 35 డాలర్లే. లినక్స్‌కు లైసెన్సు రుసుమే అక్కర్లేదు. ఖరగ్‌పూర్ ఐఐటీలో ఓపెన్ సోర్స్ కోసం విద్యార్థుల సొసైటీయే ఉంది.

కొరత మాత్రం తీరలేదు, రూపు మార్చుకుంది. ఇప్పుడు కావలసింది సాయంత్రాలు తెరిచి ఉండే గది, ఇంటర్నెట్, కరెంటు పోయినా ఆదుకునే బ్యాటరీ, మరమ్మతులకు విడిగా దాచిన సొమ్ము. టీషర్టులు, ఫ్లెక్సీలు, టిఫిన్లు ఆ తర్వాతే. ఇంట్లో లాప్‌టాప్ ఉన్నవాళ్లూ చందా కడతారు కదా అనవచ్చు. వారికీ సొంతంగా అమర్చుకోలేని సర్వర్ దక్కాలి. ఎవరికి వారు కొనుక్కోలేనిదే అందరి డబ్బుతో కొనాలి. ఆ లెక్క గోడకు అంటిస్తే సగం తగవులు అక్కడే తీరతాయి.