మేఘములో కన్ను ఎందుకు చాలదు?

విశాఖపట్టణమున నౌకాదళమువారి ఐ.ఎన్.ఎస్. డేగా స్థావరముననే పౌరవిమానములును దిగుచుండును. ఒకవంక సముద్రము, మరొకవంక కొండలు. దట్టముగా మబ్బు క్రమ్మినచో రేవులోని క్రేనులు మొదలు డాల్ఫిన్స్ నోస్ కొండ వరకు సర్వమును మరుగుపడును. 17 ఏండ్లు నిండి, కనీసము 40 గంటలు విమానము నడపి, పరీక్షలలో ఉత్తీర్ణుడై ప్రైవేటు పైలట్ లైసెన్సు పొందినవాడు సైతము, పరికరములనుబట్టి నడుపు అర్హతను వేరుగా పొందనిదే, ఆ మబ్బులోనికి పోరాదు. ఎందుకు?

మన లోపలిచెవిలో అర్ధవృత్తాకారములైన మూడు నాళములు గలవు. తల తిరిగినప్పుడు వానిలోని ద్రవము వెనుకబడి, అందలి సూక్ష్మరోమములను వంచుటచేతనే మలుపు మనకు తెలియును. అయితే విమానము ఒకే తీరున సుమారు 20 సెకండ్లు తిరుగుచునే యున్నచో ద్రవమును నాళముతో సమానముగా కదలును, రోమములు మరల నిటారుగా నిలుచును, తిరుగుచున్నను తిన్నగా పోవుచున్నట్లే తోచును. క్షితిజరేఖ కనబడినంతకాలము కన్ను ఈ భ్రమను దిద్దును; మేఘమున ఆ సాయము లేదు.

కావుననే పరికరశిక్షణ. వేగముగా తిరుగు బొంగరము తన అక్షమును విడువనట్లు, గైరోస్కోపు తన దిశను నిలుపుకొని కృత్రిమక్షితిజమును చూపును. 1929లో అమెరికాలో జిమ్మీ డూలిటిల్ మూసివేసిన కాక్‌పిట్‌లో కూర్చుండి, పరికరములనే నమ్మి విమానమును లేపి, దింపెను. నేటి శిక్షణార్థియు బయలు కనబడకుండ ముసుగు ధరించి, కృత్రిమక్షితిజమును, ఎత్తు తెలుపు ముల్లును, వేగము తెలుపు ముల్లును మార్చిమార్చి చూచుచు, దేహము వలదన్నను వాని మాటనే పాటించుట అభ్యసించును. నా దృష్టిలో ఈ విద్యలో కష్టతమమైన భాగమిదియే.