పార్శ్వపు నొప్పి – విమానం నడిపే పిల్లలు



పార్శ్వపు నొప్పి ఎరగని ఇల్లు అరుదు. ఒక కణతలో మొదలై సుత్తితో కొట్టినట్టు పోట్లు, వికారం, వెలుతురు చూడలేకపోవడం. శొంఠి గంధం పట్టు వేసి, తలకు గుడ్డ బిగించి, తలుపులు మూసి పడుకోబెడతాం. డాక్టర్లు మైగ్రేన్ అనేది దీన్నే. మరి పడుకునే వీలే లేనిచోట, అయిదువేల అడుగుల ఎత్తున ఒక్కరే విమానం నడుపుతుండగా వస్తేనో?

మనకెందుకీ గొడవ అనకండి. అమెరికాలో వున్న మన పిల్లల్లో కొందరు సెలవు రోజుల్లో సరదాకి చిన్న విమానాలు నడపడం నేర్చుకుంటున్నారు. అక్కడ 17 ఏళ్ళు నిండితే ప్రైవేటు పైలట్ లైసెన్సు తీసుకోవచ్చు. దానికి ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ నియమించిన డాక్టరు పరీక్షచేసి ఇచ్చే మూడో తరగతి మెడికల్ సర్టిఫికెట్ కావాలి. 2017లో ఇంకో సులువైన పద్ధతి వచ్చింది గాని, అది ఇదివరకే సర్టిఫికెట్ పొందినవాళ్ళకే. కొత్తవాళ్ళకి ఈ పరీక్ష తప్పదు.

ఆ దరఖాస్తులో ఒక ప్రశ్న వుంటుంది. తరచుగా గాని, తీవ్రంగా గాని తలనొప్పులు వచ్చాయా అని. ఇప్పటి సంగతి ఒక్కటే కాదు, పుట్టినప్పటినుంచీ ఎప్పుడైనా అని. అబ్బాయి ఫోనుచేసి "ఏం రాయనమ్మా?" అంటే, "తలనొప్పి కూడా ఓ జబ్బేనట్రా, లేదని రాసెయ్" అనేస్తాం. అక్కడే వస్తుంది చిక్కు. తెలిసి అబద్ధం రాస్తే అయిదేళ్ళదాకా జైలు, రెండున్నర లక్షల డాలర్లదాకా జరిమానా అని ఆ కాగితం మీదే వుంటుంది. తలనొప్పికంటే ఆ "లేదు" అన్నమాటే ప్రమాదం!

నిజం రాసినంత మాత్రాన సర్టిఫికెట్ పోదు. నొప్పి నెలకొకసారికి మించకుండా, ఏడాదిలో ఆసుపత్రిలో చేరకుండా, నొప్పి ముదిరి డాక్టరు దగ్గరికి పరుగెత్తడం రెండుసార్లు దాటకుండా వుంటే, మందులు కూడా ఒప్పుకున్నవే అయితే, ఆ డాక్టరే అక్కడికక్కడ ఇచ్చేయవచ్చు. కళ్ళు తిరిగి పడిపోవడం, తెలివి తప్పడం, ఒక పక్క తిమ్మిరెక్కడం వంటివి వుంటే మాత్రం కాగితాలు ఓక్లహామా సిటీలోని పెద్ద ఆఫీసుకు వెళతాయి. అప్పుడు నెలల తరబడి ఎదురుచూడవలసి రావచ్చు.

ఇంత పట్టింపు ఎందుకంటారా? కొందరికి నొప్పికి ముందు కళ్ళెదుట మెరుపు గీతలు వంకర టింకరగా కదులుతాయి, చూపులో ఒక ముక్క మాయమౌతుంది. అయిదు నిమిషాలనుంచి గంటదాకా వుండొచ్చు. విమానం దించేవేళ రన్‌వే ఆ మాయమైన ముక్కలో పడితే? పైగా తిండి వేళ తప్పడం, నిద్ర చాలకపోవడం, నీళ్ళు తాగకపోవడం, ఎండ తళతళ ఈ నొప్పిని రేపేవే. చిన్న విమానంలో ఇవన్నీ ఒక్కచోటే కూడతాయి. అందుకే జేబులో సర్టిఫికెట్ వున్నా, ఒంట్లో బాగాలేని రోజు నడపకూడదనే చట్టం.

ఇక మందుల సంగతి. పిల్లలు బయలుదేరేటప్పుడు ఆవకాయ సీసాల పక్కన మాత్రల పొట్లాలు సర్దడం మనకు అలవాటు. ఇక్కడ ఈ నొప్పికి విరివిగా రాసే ఫ్లునారిజిన్ అమెరికాలో అమ్మకానికే లేదు. నొప్పి రాకుండా రోజూ వేసుకునే అమిట్రిప్టిలిన్ పైలట్లకు ఒప్పుకోరు. ప్రొప్రనలాల్ వంటివి ఒప్పుకుంటారు. నొప్పి వచ్చినప్పుడు వేసుకునే సుమట్రిప్టాన్ తరువాత 24 గంటలు, వాంతులకిచ్చే ప్రొమెథజిన్ తరువాత 96 గంటలు విమానం ముట్టుకోకూడదు. ఆ మాత్ర ఇచ్చే మత్తు మనకు తెలిసిందేగా! వేసుకునే మందులన్నీ దరఖాస్తులో రాయాలి, అమ్మ పంపినవి కూడా.

మన దేశంలోనూ ప్రైవేటు పైలట్లకి డి.జి.సి.ఎ. ఆమోదించిన డాక్టర్లు రెండో తరగతి వైద్యపరీక్ష చేస్తారు.

మొదటిసారి ఆ నొప్పి ఎప్పుడొచ్చిందో, పరీక్షలప్పుడో, పెళ్ళి హడావిడిలో అన్నం మానేసినప్పుడో, పిల్లలకంటే తల్లికే బాగా గుర్తుంటుంది. తేదీలు గుర్తున్నంతవరకు ఒక కాగితంమీద రాసివుంచండి. పాత మందుల చీటీలు బీరువాలో వుంటే, వాటిని ఫొటోలు తీసి పంపండి, పరీక్షకు వెళ్ళేముందే.