శిశువు వేయు ప్రశ్న

చెల్లెలు పుట్టిన యింట నాలుగేండ్ల బాలుడు ఉయ్యాల చెంత నిలిచి, తన శరీరమునకును చెల్లెలి శరీరమునకును భేదమేల కలదని యడుగును. మనము నవ్వి యూరకుందుము. లేదా తప్పని గద్దింతుము. ఆ ప్రశ్న వెనుక నెంత యాలోచన కలదో గ్రహింపము.

ఈ యాలోచనను పరిశీలించినవారిలో వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ ప్రముఖుడు. 1909లో ఆయన హన్స్ అను మారుపేరుతో నొక బాలుని వృత్తాంతమును ప్రకటించెను. బాలుని మాటలను తండ్రియే వ్రాసి ఫ్రాయిడునకు అందజేసెను. కుక్కకు, గుఱ్ఱమునకు మూత్రావయవము కలదు. బల్లకు, కుర్చీకి లేదు. కావున ప్రాణమున్న వానికెల్ల నది యుండునని హన్స్ నిశ్చయించుకొనెను. వానికి మూడున్నర యేండ్లప్పుడు చెల్లెలు జన్మించెను. ఆ పసిబిడ్డకు స్నానము చేయించుచుండగా చూచి, ఆమెది యింకను చిన్నదనియు, ఆమెతోపాటు పెరుగుననియు సమాధానము చెప్పుకొనెను. నిర్ణయము తప్పే, కాని చూచినదానినిబట్టి తెలియనిదానిని ఊహించుట శాస్త్రజ్ఞుని పద్ధతియే గదా!

ఈ భేదము తెలిసినపిదప బాలుడు తన యవయవమును కోల్పోదునేమో యని భయపడుననియు, బాలిక తనకది లేదని కొఱతపడుననియు ఫ్రాయిడ్ వాదించెను. 1925లో ఆయన దీనిపై ప్రత్యేకముగ నొక వ్యాసము ప్రకటించెను. మరుసటి యేడే కారెన్ హోర్నీ అను వైద్యురాలు దీనిని ఆక్షేపించెను. బాలికలనుగూర్చి బాలురకుండు ఊహనే ఈ సిద్ధాంతము శాస్త్రముగా చెప్పుచున్నదని యామె వాదము. బాలికలకు అసూయ కలిగినచో, సంఘము పురుషునకిచ్చిన యాధిక్యమును దానికి కారణమే. మాతృత్వమును చూచి పురుషుడును అసూయపడును. 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘమును స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్, తాను చికిత్స చేసిన భారతీయులలో ఈ భయము యూరోపీయులలోవలె ప్రబలముగా లేదని 1929లో ఫ్రాయిడునకే వ్రాసెను.

తరువాతి పరిశోధకులు భయమును విడిచి, తెలివిని పరీక్షించిరి. బాలుడు పావడా కట్టినచో బాలిక యగునని చిన్న పిల్లలు పెక్కుమంది తలంతురు. అయిదు మొదలు ఏడేండ్లలోపల ఆ భ్రమ సామాన్యముగా తొలగును. కాని శరీరభేదము నెఱిగిన పసివారిలో పెక్కురు, దుస్తులు మార్చినను బాలుడు బాలుడేయని ముందుగనే గ్రహించిరని అమెరికాలో సాండ్రా బెమ్ 1989లో ప్రకటించెను.

ఫ్రాయిడ్ నిర్ణయములను మనము అంగీకరింపనక్కరలేదు. కాని పసివాడు ఊరక యుండడు, తెలియనిచోట ఏదో యొక కథ కల్పించుకొనునని ఆయన చూపినది మఱువరాదు. గద్దించినచో ప్రశ్న నశింపదు. మనకు వినబడకుండ పోవును. వయస్సుకు తగిన నాలుగు నిజమైన మాటలు చెప్పుదము. ఇరువురి శరీరములును సంపూర్ణములే యనియు, ఎవరికిని కొఱత లేదనియు తెలుపుదము.