బ్యాండువాద్యముల మీటలకు ఎట్టి నూనె కొనవలెను?

ఈ శీర్షికను జూచి, "ఇది స్త్రీల పత్రికలో వ్రాయదగిన సంగతియా?" యని కొందఱు సోదరీమణులు నవ్వుదురేమో. నవ్వినను మంచిదే. కర్నూలు, కడప ప్రాంతములలో పెండ్లి మెరవణి యనిన ముందు బ్యాండుమేళము నడువవలసినదే కదా. మేళగాండ్ర యిండ్లలో బాకాను తుడిచి గోడకు దగిలించువారు తఱచుగా స్త్రీలే. బడులలో బ్యాండు నేర్చు పిల్లలు సెలవులకు వాద్యములను ఇండ్లకు దెచ్చుటయు గలదు. వాద్యము ఇల్లు చేరిన పిమ్మట దాని నూనెసీసా మన యలమరలోనే చేరును. ఆ సీసాలో నేమున్నదో, అది యెక్కడ నుండవలెనో తెలిసికొనవలసినవారము మనమే.

మన కొమ్మునకు, బూరకు మీటలు లేవు. ఐరోపాఖండపు బాకాలకును మొదట లేవు. 1818 లో ప్రష్యాదేశమున స్టోల్జెల్, బ్లూమెల్ అను నిరువురు వాల్వునకు హక్కుపత్రము పొందిరి. 1839 లో పారిసు నగరమున పెరినే యను పనివాడు దానిని చక్కదిద్దెను. నేటి ట్రంపెట్టు, కార్నెట్టులలో నుండునది ఆ పెరినే పద్ధతి పిస్టనే. మీటను నొక్కగా పిస్టను ఒఱలోనికి దిగును. అప్పుడు దాని రంధ్రములు పక్కగొట్టముతో గలిసి, గాలి నడుచు దారి పొడుగగును, స్వరము తగ్గును. నడిమి మీట అరస్వరమును, మొదటిది పూర్ణస్వరమును, మూడవది ఒకటిన్నర స్వరమును దించును. ఈ మూడింటి కలయికచేతనే పాట యంతయు పలుకును.

పిస్టనునకును ఒఱకును నడుమ నుండు సందు తలవెండ్రుకకన్న సన్ననిది. అందులో నూనె లోహమును లోహము రాయకుండ గాపాడవలెను, గాలి జాఱిపోకుండ సందును మూయవలెను. చిక్కనైనచో దిగిన మీట లేవదు. మిక్కిలి పలుచనైనచో గాలి కాఱి, ఊదువాని ఱొమ్ము నొప్పియే గాని నాదము పుట్టదు. మేళగానికి ముహూర్తముల నెలలే సంవత్సరపు జీవనము. మెరవణి నాలుగు వీధుల కూడలికి వచ్చి, జనులు చుట్టును మూగి, పాట యందుకొన్న వేళ మీట దిగి లేవకున్న నతడేమి చేయును? మేళపు పెద్ద మఱునాటి ముహూర్తమునకు వానిని బిలుచుటకు సందేహించును. ఒక యింటి బియ్యము ఈ నాలుగు బొట్లమీద నున్నదనుట అతిశయోక్తి గాదు.

సంస్కృతమున నూనెకు స్నేహమనియు బేరు. తైలమను మాట తిలలనుండి వచ్చినది. తరువాత భూగర్భమునుండి తీసినదానికిని ఆ పేరే యబ్బినది. పేరొకటియైనను గుణములు వేఱు. మన వంటయింటి వేరుసెనగనూనె, నూవులనూనె గాలి తగిలినకొలది జిగురు కట్టును. దీపపుకుంది యంచున బట్టిన జిడ్డును గోటితో గీకినవారికి ఇది చెప్పనక్కఱలేదు. ఆ జిగురే పిస్టనుమీదను బట్టును. కొబ్బరినూనె చలికాలపు వేకువను సీసాలోనే పేరుకొనును. ఆముదము మాట యెత్తనే వలదు.

కుట్టుమిషను నూనె జిగురు కట్టదు గాని, చిటికెలో దిగి లేవవలసిన పిస్టనునకు అది చిక్కన. అయినను పెక్కిండ్లలో వాడునది అదియే. మాకు దెలిసిన యొక మేళగాని భార్య, "ఇంట్లో మిషను నూనె ఉండంగా ఇంగొక నూనెకు దుడ్లు యాడుండాయమ్మా?" యని యడిగెను. న్యాయమైన ప్రశ్నయే. వాల్వు నూనె వెల మిషను నూనెకు ఎన్నో రెట్లు. కాని లెక్క చూడుడు. 60 మిల్లీలీటర్ల సీసాలో, మిల్లీలీటరుకు 20 బొట్లు చొప్పున, సుమారు 1200 బొట్లుండును. మూడు పిస్టనులకు దినమునకు 12 బొట్లు వాడినను 100 దినములు వచ్చును. మేళము లేని దినములను దీసివేసిన, ఒక సీసా పెండ్లిండ్ల కాలమంతయు గడపును. ఈ లెక్క విన్న తరువాత ఆమె మాతో వాదింపలేదు.

కిరసనాయిలు సంగతి వేఱు. అది పోయగానే మీట లేడిపిల్లవలె నెగురును. ఆ సంతోషము కొంతసేపే. వైశాఖమున మన సీమలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు అది త్వరగా నావిరియై, లోహమును పొడిగా విడిచిపోవును. దాని వాసన ఊదువాని ముక్కునొద్దనే యుండుట మఱియొక బాధ.

అంగడిలో "వాల్వు ఆయిలు" అనియే యడుగవలెను. గ్రీజు జాఱుగొట్టములకు బెట్టునది, పిస్టనులకు గాదు. వాల్వు నూనెలు రెండు జాతులు: రాతినూనెనుండి శుద్ధిచేసినవి, కృత్రిమముగా గూర్చినవి. మొదటివానిలో బెక్కు పలుచనివి, చవుకైనవి, త్వరగా నాఱునవి. రెండవవి మెల్లగా నాఱును. మా యెండలకు రెండవవే మేలని మా యభిప్రాయము. ఒకదానినుండి మఱియొకదానికి మాఱునప్పుడు పాతదానిని పూర్తిగా గడిగి తుడువవలెను, రెంటిని గలుపరాదు.

చిక్కదనమును గూడ జూచి కొనవలెను. యమహా వారి సీసాలపై లైటు, రెగ్యులరు, వింటేజి అనియు, హెట్‌మన్ వారి సీసాలపై 1, 2, 3 అనియు వరుసగా బలుచనిదానినుండి చిక్కనిదానికి గుఱుతులుండును. క్రొత్త బిగువైన పిస్టనులకు మొదటిది, అరిగిన పాతవానికి చివరిది. 1885 లో స్థాపితమైన నాదిర్ అలీ కంపెనీకి స్థానమగు మీరట్టు నగరము మన దేశపు ఇత్తడివాద్యములకు బేరుపొందినది. అక్కడి వాద్యము చేతులు మాఱి మాఱి మన యూరు చేరునప్పటికి ఎంత అరిగినదో చూపునకు దెలియదు. దానికొక పరీక్ష గలదు. మీటను నొక్కక నడిమి పక్కగొట్టమును కొంచెము వెలికి లాగి, కొన్ని క్షణములు తాళి, మీటను నొక్కవలెను. "టప్" మని చప్పుడైనచో పిస్టను బిగువుగా నున్నది. చప్పుడు లేకున్న చిక్కని నూనె కొనుడు. మన పట్టణములలో దొరకనిచో మదరాసు వైపు చూడవచ్చును. అక్కడ 1842 లో స్థాపితమైన మ్యూసీ మ్యూజికల్ అను వాద్యముల అంగడి గలదు. పేరులేని సీసాలోనికి వంచి యమ్ము నూనెను మాత్రము కొనవలదు.

నూనె యెంత మంచిదైనను దుమ్ముతో గలిసిన సానరాయియే యగును. ఎఱ్ఱగుంట్ల, బేతంచెర్ల ప్రాంతముల నాపరాతి దుమ్ము ఎఱిగినవారికి దీనిని వర్ణింప బనిలేదు. పై మూతను విప్పి, పిస్టనును సగము పైకి లాగి, నూలుపోగులు రాలని మెత్తని గుడ్డతో దుడిచి, మూడు నాలుగు బొట్లు వేసి, తన స్థానమున గూర్చుండు వఱకు మెల్లగా ద్రిప్పవలెను. పిస్టనులపై 1, 2, 3 అని చెక్కియుండును. ఒకదాని యొఱలో నొకటి పెట్టరాదు.

ఇచ్చట మన యలవాటు ఒకటి శత్రువగును. ఇత్తడి కనబడినచో చింతపండు, ఇటుకపొడి చేతికి వచ్చుట మనకు సహజము. బిందెకు అది శోభ, పిస్టనునకు నాశము. ఇటుకపొడి ఆ సన్నని సందును పెద్దది చేయును, పులుపు ఇత్తడిలోని తుత్తునాగమును దినును. గోరువెచ్చని నీరు, కొంచెము సబ్బు చాలును. మన బోరునీళ్లలో సున్నము మెండు గనుక వెంటనే తుడిచి యారబెట్టవలెను.

ఇక సీసా నుంచు చోటు. ఈ నూనెలలో బెక్కు నీళ్లవలె నిర్మలముగా నుండును. సీసాయు మందుసీసావలె చిన్నది. దానిని మందుల యరలో గాని, పిల్లల చేతికందు గూటిలో గాని పెట్టరాదు. మిగిలిన నూనెను శీతలపానీయపు సీసాలో బోయుట యంతకన్న ఘోరము. బిడ్డ త్రాగినచో ఈ పలుచని నూనె కడుపునకన్న ఊపిరితిత్తులకు నెక్కువ హాని చేయును. కావున వాంతి చేయింపరాదు, ఉప్పునీళ్లు త్రాగింపరాదు. వాంతితో నూనె మరల గొంతునకు వచ్చి శ్వాసనాళమున బడును. కిరసనాయిలునకును ఇదే మాట. దగ్గు, ఆయాసము, మగత కొన్ని గంటల తరువాతనైన రావచ్చును గనుక, బిడ్డ బాగున్నాడని యింట నుంచుకొనక, 108 కు ఫోనుచేసి కర్నూలు పెద్దాసుపత్రికో, కడప రిమ్సుకో, దగ్గఱనున్న మఱియే యాసుపత్రికో తీసికొని పోవలెను. సీసాను వెంట దీసికొని పోయినచో, త్రాగినదేదో వైద్యులకు వెంటనే తెలియును.