అమైనో గుంపు

అరోరాలో హైస్కూలు చదువుతున్న మా అమ్మాయి పుస్తకం తెచ్చి, "నాన్నా, ఫంక్షనల్ గ్రూప్ అంటే ఏమిటి?" అని అడిగింది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీనిని ప్రమేయ సమూహం అంటారు. అణువు ఎంత పెద్దదైనా దాని గుణాన్ని చాలావరకు నిర్ణయించే చిన్న పరమాణువుల గుంపు ఇది. అమ్మోనియాలో నత్రజని పరమాణువు ఒకటి, ఉదజని పరమాణువులు మూడు. ఒక ఉదజని స్థానంలో వేరే అణువుకి అతుక్కుంటే ఆ మిగిలినది అమైనో గుంపు.

దాని మహిమ ఎంతటిదో చెప్పడానికి 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకున్నాను. కణాలు పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం అందులోని ఒక హైడ్రాక్సిల్ గుంపుకి బదులు అమైనో గుంపుని అమర్చింది. అదే అమైనోప్టెరిన్. ఫోలిక్ ఆమ్లంతో పని చేయవలసిన ఎంజైము దీనిని పట్టుకుని వదలలేక ఆగిపోతుంది, కణం పెరగదు.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఈ మందుని ల్యుకీమియా వచ్చిన 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందికి కొంతకాలం గుణం కనిపించింది. ఆ సంగతి 1948లో అచ్చయింది. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. అమైనోప్టెరిన్‌కి తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ని నేటికీ వాడుతున్నారు.

మా అమ్మాయి బొమ్మలో ఆ గుంపు చుట్టూ సున్నా చుట్టి, "ఇంత చిన్నదా!" అంది.