చీనాంబరములు - మన పట్టుబట్టలు

ఐశ్వర్యమును వర్ణింపవలసి వచ్చినపుడు “చీనిచీనాంబరములు” అనుట మన పెద్దలకు పరిపాటి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల వృద్ధులకు ఈ మాట క్రొత్త గాదు. పట్టు మొదట చీనాదేశమున బుట్టినది. ఆ దేశపు పట్టు పూర్వమే మన దేశమున ప్రసిద్ధి కెక్కెను. కాళిదాసు అభిజ్ఞానశాకుంతలమున చీనాంశుకపు పతాకను ఉపమానముగా గ్రహించియున్నాడు.

చీనావారు పట్టుపై జేయు సూదిపని మిక్కిలి సూక్ష్మమైనది. బంగారురేకు నంటించిన కాగితమును సన్నగా గోసి, పట్టునూలుపై జుట్టి బంగారుదారము చేయుదురు. అది బట్టలో దూర్చినచో చెడును. కావున బట్టమీద పఱచి, సన్నని పట్టుదారముతో అచ్చటచ్చట కుట్టుదురు. చిన్న చిన్న ముడులతో పూవులను నింపుట మఱియొక పద్ధతి.

ఆ బట్టలపై బొమ్మలు వట్టి యలంకారములు గావు. 1391వ సంవత్సరము మొదలు ఉద్యోగుల ఱొమ్ముపై చతురస్రపు గుర్తులు ఏర్పడెను. పాలనోద్యోగులకు పక్షులు, సేనాధికారులకు సింహము, పులి మొదలగు మృగములు. ఐదుగోళ్ల మహాసర్పము చక్రవర్తికి చిహ్నము. బట్టను జూచిన మాత్రముననే మనిషి పదవి తెలియుచుండెను.

1912లో చక్రవర్తి సింహాసనమును విడిచెను. రాజోద్యోగుల వస్త్రములకు పని లేకపోయెను. అనేకము అంగళ్లకు వచ్చి దేశాంతరములకు బోయెను. సేకరించువారు వానిని ప్రియముగా గొనిరి. వారు చూచునది బంగారపు తూకము గాదు. కుట్టు, రంగు, కాలము, ధరించినవారి చరిత్ర. రసాయనపు ఊదారంగు 1856లో గనిపెట్టబడినది. ఆ రంగు గల బట్ట అంతకు బూర్వపుది కానేరదు. ఇట్లు రంగే సాక్ష్యము చెప్పును.

ఇట్టి సేకరణకు హైదరాబాదు నిదర్శనము. 1949లో గతించిన మూడవ సాలారుజంగు మీర్ యూసఫ్ అలీఖాను కూర్చిన వస్తువులతో 1951 డిసెంబరు 16వ తేదీన అచట వస్తుప్రదర్శనశాల తెఱవబడెను. చీనా జపానుల సూదిపనియు అందు గలదు.

మన యిండ్లలో నేమి జరుగుచున్నది? అవ్వలనాటి సరిగ చీరను వర్తకుడు తూచి కొనును. దానిని కాల్చి వెండి దీయును. అందు మిగులునది వెండి. పోవునది నేతగాని నేర్పు, ఇంటి జ్ఞాపకము. ఒకసారి కాలిన చీరను ఏ ధనమును మరల దేజాలదు.

కావున పాత పట్టును ఉతికిన తెల్లని నూలుబట్టలో జుట్టి, తడియు ఎండయు తగులని చోట నుంచవలెను. ఒకే మడతపై నేండ్లతరబడి యుంచినచో అచ్చటనే చినుగును. కావున అప్పుడప్పుడు మడత మార్చవలెను. ఇది ఎవరిది, ఏ పెండ్లికి, ఏ సంవత్సరమున గొన్నది అని ఒక చీటి వ్రాసి దానితో నుంచుడు. ఆ సంగతులు పెద్దలైన మీకే తెలియును. చీటి లేనిచో మనుమలకు అది పాత చీర. చీటి యున్నచో అది వంశచరిత్ర.