బడి ఎలా ఉందో... పిల్లల్నే అడిగారు!

'మీ ఊరి బడి ఎలా ఉంది?' అంటే సర్పంచి ఓ మాట చెబుతాడు. హెడ్మాస్టరు మరో మాట చెబుతారు. అమ్మానాన్నలకీ ఓ అభిప్రాయం ఉంటుంది. రోజూ సంచీ తగిలించుకుని వెళ్లే ఎనిమిదేళ్ల పిల్లాణ్ని మాత్రం ఎవరూ అడగరు. అనంతపురం పల్లెల్లో ఆ పని చేసినవాళ్లున్నారు!

ఆ అధ్యయనం పేరు 'యంగ్‌ లైవ్స్‌'. ఆక్స్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2002లో మొదలైంది. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతోపాటు మన దేశం నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకున్నారు. హైదరాబాద్‌, మరో ఆరు జిల్లాల్లో సుమారు 3 వేల మంది పిల్లలు. ఆ ఆరింటిలో అనంతపురం ఒకటి. కొందరు 1994-95లో పుట్టినవాళ్లు, మిగతావాళ్లు 2001-02లో. కొన్నేళ్లకోసారి అదే పిల్లల దగ్గరికి వెళ్లి ఎత్తూ బరువూ చూశారు, లెక్కలు చేయించారు, బడి కబుర్లూ అడిగారు. పిల్లల పేర్లేకాదు, ఊళ్ల పేర్లు కూడా బయటపెట్టరు. కాబట్టి 'నా గురించి చెప్పింది వీడే' అని ఏ అయ్యవారూ కళ్లెర్రజేసే వీల్లేదు.

పోయిన వారం ఏం జరిగింది?

'మీ సారు మంచివారేనా?' అంటే ఏ పిల్లాడైనా తలూపేస్తాడు. అందుకే అలా అడగలేదు. పోయిన వారంలో టీచరు ఎవరినైనా కొట్టడం చూశావా? నిన్ను కొట్టారా? ఇంతే. 2009లో వచ్చిన జవాబులు చూడండి... ఎనిమిదేళ్ల వాళ్లలో నూటికి 90 మందికి పైగా చూశామన్నారు. 78 మంది తామూ తిన్నామన్నారు. పదిహేనేళ్ల వాళ్లలో దెబ్బలు తిన్నవాళ్లు 34 మంది. అంటే ఎంత చిన్నవాళ్లయితే అన్ని దెబ్బలన్నమాట! బడి ఎందుకు నచ్చదు అన్నప్పుడూ దెబ్బలూ తిట్లే ముందు వరసలో నిలిచాయి.

విచిత్రమేమిటంటే, బళ్లలో పిల్లల్ని కొట్టకూడదని రాష్ట్రంలో 2002లోనే ఉత్తర్వు వచ్చింది. ఏడేళ్ల తర్వాతి లెక్క ఇది. గదులెన్ని, పంతుళ్లెందరు, హాజరెంత అని రాసుకునే రిజిస్టర్లలో ఈ సంగతి ఎక్కడ దొరుకుతుంది? విద్యాహక్కు చట్టం ఇదే నిషేధాన్ని 2010 ఏప్రిల్‌ నుంచి దేశమంతటికీ వర్తింపజేసింది.

మరి ఎందుకు కొట్టారు? వర్జీనియా మారో, రేణూ సింగ్‌ 2014లో వెలువరించిన పరిశోధనా పత్రం చదివితే మనసు చివుక్కుమంటుంది. అల్లరి ఒక్కటే కాదు... ఇంటి పనికో పొలం పనికో ఆగిపోయి బడికి రానందుకు, నోటుపుస్తకం లేనందుకు, యూనిఫాం వేసుకోనందుకు, ఫీజు కట్టనందుకు! ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గగనమయ్యే అనంత నేలలో ఇవన్నీ పిల్లాడి తప్పులా? శెనక్కాయలు పీకే రోజుల్లో ఇంట్లో ప్రతి చెయ్యీ అవసరమే. పంట పోతే అమ్మానాన్నలు బెంగళూరు బస్సెక్కుతారు. బెత్తం పక్కన పడేయమని పంతుళ్లకు చెబితే సరిపోదు, కోతల కాలంలో ఆగిపోయిన పాఠాల్ని మళ్లీ ఎవరు చెబుతారన్నదీ చూడాలి.

ఇంకో చిక్కుంది. నాలుగు దెబ్బలు పడితేనే చదువొస్తుందని నమ్మే తల్లిదండ్రులూ ఆ పరిశోధనలో కనిపించారు. వాళ్లనొక్కళ్లనే అడిగితే బెత్తానికి మంచి మార్కులే పడేవి. ప్రైవేటులో చేర్చినా ఈ బాధ తప్పలేదు. ఎనిమిదేళ్ల వాళ్లలో ప్రైవేటు బళ్లకెళ్లేవారు 2002లో నూటికి 24 మంది, 2009 నాటికి 44 మంది. దెబ్బల మాట అక్కడి పిల్లలూ చెప్పారు.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో తల్లిదండ్రులతో పెద్దఎత్తున సమావేశాలు జరుపుతున్నారు. 2025 జులైలో శ్రీసత్యసాయి జిల్లా కొత్తచెరువు బడిలోనూ జరిగింది. ఆ ఊరు ఒకప్పటి అనంతపురం జిల్లాలోదే. మంచిదే. కానీ టీచరమ్మ ఎదురుగా కూర్చుని ఏ తల్లి మాత్రం మనసు విప్పుతుంది? చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఆ రెండు ప్రశ్నలూ వాళ్లే, పేరు రాయక్కర్లేని కాగితం మీద, ఏడాదికోసారి పిల్లల్ని అడగొచ్చు. పైసా ఖర్చు లేదు.

అన్నట్టు, 1994-95లో పుట్టిన ఆ పిల్లలకిప్పుడు ముప్ఫై ఏళ్లు దాటాయి. వాళ్లలో కొందరి పిల్లలు బడికెళ్తున్నారు.